నల్లటేపు కొస

ఉదయం పదకొండూ పది.

పెద్దవాడు వెనకగదిలో వెల్లకిలా పడి ఉన్నాడు. ఊపిరి లేదు. మెడచుట్టూ కరెంటు తీగ.

ఎవరు చూసినా గొంతు బిగించారనే అనుకుంటారు. తల్లి అనుకోలేదు. రిపేరుకు కూర్చుంటే వాడు ఆ తీగను మిషన్ నుంచి ఊడబెరికి మెళ్ళో వేసుకుంటాడు, తెలియక ఎవరూ ప్లగ్గు పెట్టకుండా. ఇన్‌స్పెక్టర్‌కు అదే మాట మూడుసార్లు చెప్పింది.

బల్లమీద చిన్నవాడి గిటార్ ఆంప్లిఫయర్, వెనక పలక విప్పి ఉంది. వారంగా ఒకటే గుర్రుమంటోందని వాడే తెచ్చి అన్నకిచ్చాడు. పెద్దవాడి కుడిచేతి వేళ్ళమీద రెండు కాలిన మచ్చలు.

కరెంటే లేనప్పుడు షాకెలా కొడుతుందని కానిస్టేబుల్ అడిగాడు.

“లోపల కెపాసిటర్లున్నాయి. ప్లగ్గు పీకినా నాలుగొందల వోల్టులు కడుపులో దాచుకుంటాయి. పని తెలిసినవాడు ముందు వాటిని ఖాళీ చేస్తాడు. ఆపైన మీటరుతో చూసుకుంటాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మీటరు విప్పారు. బ్యాటరీ లేదు.

అది చిన్నవాడు కాలితో నొక్కే గిటార్ పెడల్లో దొరికింది.

నిన్న సాయంత్రం ఈ ఆంప్లిఫయర్ గురించే అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. తల్లి ఆ మాట కడుపులోనే పెట్టుకుంది. పక్కింటావిడ అడక్కుండానే చెప్పేసింది.

“బ్యాటరీ ఎప్పుడు తీశావు?” చిన్నవాణ్ణి అడిగాడు ఇన్‌స్పెక్టర్.

“ఎనిమిదింటికి.”

“మీ అన్నకు తెలుసా?”

“చెప్పే తీశాను సార్. నా క్లిప్పుల తీగ నాకుంది, నువ్వుంచుకోరా అన్నాడు.”

“విన్నవాళ్ళు?”

చిన్నవాడు తల్లివైపు చూశాడు. ఆమె అప్పుడు వంటింట్లో ఉంది, ఏమీ వినలేదు. విన్నానని చెప్పడానికే నోరు తెరిచింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

ఒకడు పోయాడు. రెండోవాణ్ణి జీపెక్కిస్తారు. ఆమె చేతులు ఊరుకోలేదు. టీవీ రిమోట్ తీసుకుని, దానికి చుట్టిన నల్లటేపు కొసను గోటితో గీకుతూ కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ ఆ గోటినే కాసేపు చూశాడు. లేచి వెళ్ళి బల్లకింద పడున్న క్లిప్పుల తీగ తెచ్చాడు. కెపాసిటర్లు ఖాళీ చెయ్యడానికి పెద్దవాడు సొంతంగా కట్టుకున్నది. మధ్యలో ఒకచోట నల్లటేపు. గోరు తగలగానే ఊడొచ్చింది.

“తెగిన తీగ. పైన రబ్బరు ఒలవకుండానే రెండు కొసలూ మెలేశారు. రాగి రాగిని తాకలేదు. అతను క్లిప్పులు పెట్టాడు, పదంకెలు లెక్కపెట్టాడు, ఖాళీ అయిందనుకుని చెయ్యి పెట్టాడు. పని తెలిసినవాడెవడూ ఇలా చుట్టడు.” ఆయన గొంతు తగ్గింది. “అమ్మా, ఈ టేపు కొస లోపలికి మడిచి ఉంది. మీ రిమోట్ మీదా అంతే. ఎందుకలా?”

“మళ్ళీ తీసేటప్పుడు గోటికి అందుతుందని...”

అని, ఆగిపోయింది.

నిన్న మధ్యాహ్నం. బల్ల తుడుస్తుంటే గుడ్డకు తట్టుకుని ఆ తీగ పుటుక్కుమంది. వాడి సామాన్లు ముట్టుకోవద్దని వాడు వందసార్లు చెప్పాడు. కేకలేస్తాడని గబగబా చుట్టి, ఎక్కడిది అక్కడే పెట్టేసింది.

“అమ్మా, ఇంకేం చెప్పకు,” అన్నాడు చిన్నవాడు.

ఆమె వినలేదు. రిమోట్ పక్కన పెట్టి లేచింది.

“వీణ్ణొదిలెయ్యండి బాబూ. నేనే చుట్టాను. వాడికి షాకు కొడుతుందేమోనని ఇంకో చుట్టు కూడా వేశాను.”