రొయ్యకున్నపాటి శుభ్రం

సూది చర్మానికి తగలబోతుండగా సాయిబాబు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏవైందండీ?" అంది వినీల.

"ఆ గ్లౌజులు ఇందాక ఆ మామ్మగారికి రక్తం తీసినప్పటివే కదండీ."

బందరులో ఆ చిన్న ల్యాబు తెరిచాక ఈ మాట ఎవరూ అడగలేదు. వినీల అతని ముఖంలోకి చూసింది. వెటకారమూ లేదు, కోపమూ లేదు. తూకం ముల్లు చూస్తున్న మనిషి ముఖంలా ఉంది.

"చేతులు కడుక్కుని కొత్తవి వేసుకోండి. ఈ చెయ్యి ఆనించే చోట కూడా చూడండి. రక్తం చుక్క ఎండిపోయి ఉంది."

"మీరు డాక్టరా అండీ?"

"కాదండీ. రొయ్యల కంపెనీలో క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. హెల్త్ రిపోర్టు ఇస్తేగాని సోమవారం నన్ను లోపలికి రానివ్వరు. మా దగ్గర తలకి టోపీ, మూతికి మాస్కు, కాళ్ళు క్లోరిన్ నీళ్ళలో ముంచాలి. చచ్చిన రొయ్యకే అంత చూస్తామండీ. నేనింకా బతికే ఉన్నాను."

"కాసేపాగితే తెలుస్తుంది" అంటూ వినీల చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఇందాక రక్తం ఇచ్చి బెంచీ మీద కూర్చున్న ఆ మామ్మగారు, సత్యవతమ్మ, సాయిబాబుని ఎగాదిగా చూసింది. "బాబూ, రక్తం ఇవ్వడానికొచ్చావా, ఇల్లు అద్దెకి చూసుకోవడానికొచ్చావా?" అంది. ఆ వెంటనే తన మోచేతి మీది దూదిని అనుమానంగా చూసుకుంది.

కొత్త గ్లౌజుల కోసం వినీల ఓనరు హరిబాబు గారిని అడగాల్సి వచ్చింది. ఆయన ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. తాళం తీస్తూ పేషెంటు వైపు గుర్రుగా చూశాడు.

వినీల రబ్బరు పట్టీ కడుతూ గొంతు తగ్గించింది. "మంచి పని చేశారండీ. నేనెంత మొత్తుకున్నా ఆయన వినరు. పేషెంటు నోరు తెరిస్తే వింటారు."

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు సాయిబాబు, తనూ గొంతు తగ్గించి.

"బాత్రూంలో సబ్బు లేదు."

సాయిబాబు తలెత్తి గట్టిగా అన్నాడు. "ఏవండీ, బాత్రూంలో సబ్బు లేదేంటండీ?"

"మీరసలు బాత్రూంకే వెళ్ళలేదు కదండీ!" అన్నాడు హరిబాబు.

"సబ్బు లేదనే వెళ్ళలేదు."

అప్పటికే రక్తం తీయడం అయిపోయింది. సూది ఎప్పుడు దిగిందో సాయిబాబుకి తెలియలేదు.

రిపోర్టు వాట్సాప్‌లో పంపిస్తామన్నారు. అయినా అతను వచ్చి తీసుకున్నాడు. తర్వాత షుగరు పరీక్షకని తల్లి ముత్యాలమ్మని తీసుకొచ్చాడు.

"నాకు సుగరు లేదురా" అందామె దారిపొడుగునా. గిలకలదిండి రేవులో చేపల గంప పక్కన పెట్టి వచ్చింది.

"ఉందో లేదో చూద్దామమ్మా."

లేదు. కొడుక్కేదో ఉందని మాత్రం ఆమెకి అక్కడే అర్థమైంది.

అతను వచ్చిన ప్రతిసారీ వినీల ఒక తప్పు చెవిన వేసేది, అతను దాన్ని పైకి అనేవాడు. సూదులు పడేసే డబ్బాకి మూత వచ్చింది. కుర్చీ మీది చిరిగిన రెగ్జిన్ మారింది. రక్తం శాంపిళ్ళ ఫ్రిజ్‌లోంచి హరిబాబు గారి పెరుగు గిన్నె బయటికొచ్చింది.

"పెరుగు సంగతి మీకెవరు చెప్పారు?"

"వాసనొచ్చిందండీ."

తప్పు చూపించేవాడు ఎప్పుడూ ఒక అడుగు దూరంలో నిలబడవచ్చు. ఆ దూరం సాయిబాబుకి చిన్నప్పటి నుంచీ అలవాటు. బళ్ళో, కంపెనీలో, చుట్టాల ఇళ్ళలో అతను అక్కడే నిలబడ్డాడు, సుఖంగానే ఉన్నాడు. ఇప్పుడు తప్పులన్నీ చెవి దగ్గరికొచ్చి ఒకళ్ళు చెబుతున్నారు. దూరం ఎక్కడ పోయిందో వెతుక్కోవాలని కూడా అతనికి అనిపించడం లేదు.

ఒక వానరోజు మధ్యాహ్నం వచ్చేసరికి ల్యాబులో వినీల తప్ప ఎవరూ లేరు.

"ఇవాళేం లేవండీ" అంది. గొంతు కూడా తగ్గించలేదు. "అన్నీ అయిపోయాయి."

తనిఖీ చేసేవాడు ఇలాంటి మాటకి సంతోషించాలి. సాయిబాబు మాత్రం ఇంకో తప్పు కోసం వెతికాడు. నాలుగు గోడలూ చూశాడు. నేల చూడలేదు.

"ఆ గడియారం మీద దుమ్ముందండీ."

ఉద్యోగంలో చేరాక అతను ఇచ్చిన మొదటి తప్పుడు రిపోర్టు అది.

వినీల స్టూలెక్కి గడియారం మీద వేలితో రాసి, దిగొచ్చి, ఆ వేలు అతని కళ్ళ ముందు పెట్టింది. వేలు శుభ్రంగా ఉంది.

"ఏదండీ?"

అతను ఆ వేలి వంకే చూశాడు.

"వెనక్కి చూడండి."

గుమ్మం నుంచి అతను నిలబడ్డ చోటిదాకా నల్లటి బురద అడుగులు.

"ఈ ల్యాబు మొత్తం మీద ఉన్న మురికి అదొక్కటే. మీరు తెచ్చిందే" అంటూ మాప్ అతని చేతికిచ్చింది.

కొన్ని మాటలు తల వంచుకునే చెప్పగలడు మనిషి. నేల తుడుస్తుంటే తల వంచుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది.

"వినీల గారూ."

"ఆ మూల కూడా."

మూల తుడిచాడు. "ఇక్కడ నాకు తప్పులేం దొరకడం లేదండీ."

"చూస్తున్నాగా."

"దొరక్కపోతే మళ్ళీ ఎలా రావాలో తెలియడం లేదు. మిమ్మల్ని చూడ్డానికని చెప్పి రావచ్చా?"

బయట వాన గట్టిగా పడుతోంది.

"ఆదివారం చర్చి అయ్యాక మా నాన్న మా ఊరు మొవ్వలో ఇంటి దగ్గరే ఉంటారు. మీ గురించి చెప్పాను. 'వాళ్ళ మతం ఏంటి?' అన్నారు."

సాయిబాబు చేతిలో మాప్ ఆగిపోయింది. "మీరేమన్నారు?"

"చేతులు కడుక్కునే మతం అన్నాను."

"దానికాయన?"

"అన్నం తిన్నాక, 'రమ్మను, వాళ్ళమ్మని కూడా తీసుకురమ్మను, మనిషిని చూడకుండా ఏం చెప్తాం' అన్నారు. మా నాన్న పేరు జకరయ్య. ఆయన ముందు మా ఇంట్లో తప్పులు పట్టకండి."

"ఒక్కటి కూడానా అండీ?"

"పెళ్ళయ్యాక పట్టుకోవచ్చు."

మాప్ తీసుకుందామని ఆమె చెయ్యి చాచింది. కర్ర వదలాలన్న సంగతి అతను మరిచిపోయాడు. చేతులు కడుక్కోవాలన్న సంగతి కూడా.

"చర్చి ఎన్నింటికవుతుందండీ?" అన్నాడు.