జానెడు తగ్గిన టాపు

"ఆ తలుపు ముట్టుకోకు!"

గ్రాంట్ అరుపుకి టెస్సా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇందులో సీట్లు కుట్టింది నేనే మహానుభావా, గుర్తుందా?"

"ఇవాళ పాత కార్ల పోటీ. మరక పడితే..."

"పడితే? ఆకాశం విరిగి మీద పడుతుందా?"

మిషిగన్ సరస్సు ఒడ్డున, పచ్చిక మీద నిలబడి ఉంది ఆ 1953 ప్యాకర్డ్ కరీబియన్ కారు. ఆ ఏడాది అలాంటివి చేసిందే ఏడు వందల యాభై. తాత ఆర్లో ఇచ్చిన తుక్కుని గ్రాంట్ ఏళ్ల తరబడి కష్టపడి ఇలా తీర్చిదిద్దాడు. మెరిసే మెరూన్ రంగులో మబ్బుల నీడలు కదులుతున్నాయి. దగ్గరికొచ్చిన వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, అబద్ధమెందుకు!

టెస్సాకి మాత్రం అందులో కూర్చునే యోగం ఇంతవరకూ పట్టలేదు. సోమవారం ఒహైయోలో కొత్త పనికి వెళ్లిపోతోంది. "ఉండిపో" అని గ్రాంట్ ఒక్క మాట అంటాడేమోనని చూస్తోంది. అయ్యగారు కారు గురించి తప్ప నోరు విప్పితేగా!

ఉన్నట్టుండి వాన అందుకుంది.

గ్రాంట్ కంగారుగా బటన్ నొక్కాడు. గుడ్డ టాపు లేచింది, ముందుకొచ్చింది, అద్దానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"సోకు కనపడాలని ఎప్పుడూ మడిచే ఉంచావు. గుడ్డ ముడుచుకుపోతుందని చెప్పానా, లేదా?" అంటూ టెస్సా బురద బూట్లతోనే లోపలికి దూకి, టాపు అంచు పట్టుకుని లాగింది. గ్రాంట్ రెండో వైపు నుంచి లాగాడు. టాపు రాలేదు. వాన మాత్రం ధారగా లోపలికొచ్చింది.

తెల్లటి తోలు సీటంతా బురద! టెస్సా మొహం పాలిపోయింది. "అయ్యో... దిగిపోతానుండు."

గ్రాంట్ ఆమెనే చూస్తున్నాడు. తడిసిన జుట్టు, చెంప మీద మట్టి. ఆ కారు ఇంత అందంగా అతనికి ఎన్నడూ కనపడలేదు.

"దిగకు."

"జడ్జీలొస్తున్నారు, పిచ్చోడా!"

"రానీ. ఒహైయో వెళ్లకు టెస్సా. నువ్వంటే నాకు ప్రాణం. చెప్పడానికి ధైర్యం చాలక దీన్ని తుడుచుకుంటూ కూర్చున్నాను."

టెస్సాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇన్నాళ్లూ ఏం చేశావురా మొద్దూ! వెళ్లను."

గ్రాంట్ టాపు పూర్తిగా వెనక్కి మడిచేసి, ఆమె పక్కన స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆ గంభీరమైన చప్పుడుకి జడ్జీలు పక్కకి తప్పుకున్నారు.

గొడుగు కింద నుంచి తాత కేకేశాడు. "ఒరేయ్! మైదానం దాటితే పోటీలోంచి తీసేస్తారురా!"

"తీసెయ్యనీ తాతా!"

ముసలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గొడుగు మూసేసి వానలోనే నిలబడ్డాడు.

"అయితే ఇంకా ఆగావేంరా వెధవా? పోనియ్యి!"