గంగుబాయి తనకు చెప్పుకున్న మాట

తొంభై ఏడు ఎండాకాలంలో, నిజామాబాద్ ఆసుపత్రి నుంచి గంగుబాయిని ఇంటికి తెచ్చిన రోజు, వాడకట్టంతా వాకిట్లోనే ఉంది. ప్రాణం తీసుకోబోయి బతికిన ఆడదాన్ని చూడటానికి జనానికి ఎంత తీరిక! భర్త రాజారాం తల వంచుకొని ఆమెను లోపలికి నడిపించాడు. అత్త వెంకటవ్వ మాత్రం గడపలో నిలబడి, చూసింది చాలు పొమ్మని తలుపేసింది.

కారణం అందరికీ తెలిసిందే. మూడు నెలల కింద ఐదేళ్ల కొడుకు మార్కండేయ జ్వరంతో పోయాడు. ఆ రోజు గంగుబాయి చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది... తిరిగి వచ్చేసరికి పిల్లవాడికి స్పృహ లేదు. అది మెదడు జ్వరమని, పొద్దున ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్నప్పుడు ఎవరూ పసిగట్టలేరని డాక్టరు చెప్పాడు. ఆమె వినలేదు. కొడుకును తనే చంపుకున్నానని, తనకు బతికే హక్కు లేదని రోజంతా తిట్టుకునేది. పరాయివాళ్లు అందులో సగం తిట్టినా కొట్లాటకు దిగుతాం. మనల్ని మనం తిట్టుకుంటే మాత్రం అదే న్యాయమనుకుంటాం!

ఆసుపత్రిలో నర్సు నాగకుమారి, బోధన్ దగ్గరి చెరకు రైతు బిడ్డ, ఆమెను ఒంటరిగా వదలొద్దని ఇంట్లో వాళ్లకు చెప్పింది. మందులతో పాటు గంగుబాయికి ఒక పని కూడా అప్పజెప్పింది. ఆమె చెయ్యి తీసి ఆమె గుండె మీదే పెట్టించింది.

"నీ చెల్లెలికి ఇలా జరిగితే ఏమంటావమ్మా? చంపావంటావా? దానితో ఎలా మాట్లాడతావో నీతో నువ్వు అలా మాట్లాడుకో. రోజూ. చావాలనిపిస్తే దాచుకోకు, పక్కనున్నవాళ్లకు చెప్పు."

గంగుబాయి బుద్ధిగా మొదలుపెట్టింది. బీడీల చాట ముందు కూర్చుని, గుండె మీద చెయ్యి వేసి పెదవులు కదిపేది. వారం గడిచినా ముఖంలో మార్పు లేదు. వెంకటవ్వ చూసి చూసి అడిగింది.

"ఏం సదువుతున్నవే?"

"నీ తప్పు లేదు గంగూ, అనుకుంటున్న అత్తా. ఇరవై అయినయ్. ఇంకో ఐదున్నయ్."

ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. చిన్నప్పటి నుంచీ ఆ చేతులకు తెలిసిన పని అదే. ఓదార్పును కూడా కట్టలు కడుతోంది పిచ్చిది!

"గిది గూడ కార్ఖానకు అప్పజెప్తవా?" అంది ముసలామె. నవ్వబోయి నవ్వలేకపోయింది. చాట పక్కకు జరిపి కోడలి ఎదురుగా కూలబడింది.

"గా దినం పొద్దుగాల పోరని ఒళ్లు నేను గూడ పట్టి సూసిన. పోయిరా, నేనున్న గద అని నిన్ను పంపింది నేనే. ఇంటికాడ ఉన్నదాన్ని... నాకు దెల్వలే. గప్పటిసంది బుక్క మింగుడు పడ్తలేదు. నన్నేం జెయ్యమంటవ్? సావమంటవా?"

గంగుబాయి అదిరిపడి అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"గట్లంటవేందత్తా? పోరగాండ్లకు జరం రాదా... తగ్గుతదనుకున్నవ్. పానమోలె సాదుకున్నవ్ వాణ్ని. నీ తప్పెట్లయితది?"

"గదే మాట," అంది వెంకటవ్వ, "నీకు జెప్పుకో."

గంగుబాయి చెయ్యి మెల్లగా తన గుండె మీదికి వచ్చింది.

"నాకు గూడ దెల్వలే... ఎర్కుంటే ఇడిసిపెట్టి పోదునా."

ఒక్కసారే అంది. తర్వాత అత్త ఒళ్లో తల పెట్టి, కొడుకును సాగనంపిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

దుఃఖం పోలేదు. పోతుందని నర్సు చెప్పనూ లేదు. నాలుగు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, బీడీలు చుట్టే తునికాకు తడుపుతూ గంగుబాయి ఆగిపోయింది.

"అత్తా, మళ్ల గా ఆలోచనొచ్చింది."

వెంకటవ్వ తిట్టలేదు. శోకాలు పెట్టలేదు. పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

"ఇటు రా బిడ్డా. ముందుగాల నువ్వు జెప్పుకో. ఎన్క నేను జెప్పుకుంట."