గాజుల చప్పుడు

ఆదివారం పొద్దున. బెంగళూరు కె.ఆర్.పురం స్టేషను వెనక సందులో తిమ్మరాయప్ప ఇంటి నుంచి ఉప్పిట్టుకు, అదే ఉప్మాకు, పెట్టిన పోపు వాసన వీధిలోకి వస్తోంది. కూతురు శిరీష పళ్లెం తెచ్చి తండ్రి ముందు పెట్టి వెనుదిరిగింది. వెళ్తూ ఏదైనా అన్నదా? తిమ్మరాయప్పకు తెలియలేదు. కొన్నాళ్లుగా ఇదే దిగులు. పిల్ల తనతో మాట్లాడటం మానేసిందో, మాట్లాడుతున్నా తనకే వినబడటం లేదో తేలక లోలోపల కుమిలిపోతున్నాడు. అడుగుదామంటే భయం. అడిగితే తన గుట్టు తనే బయట పెట్టుకున్నట్టవుతుంది.

అతని చెవులు పోతున్నాయి. అదే ఆ గుట్టు. ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద కార్లకు పాటల డెక్కులూ ఆంప్లిఫయర్లూ బిగించే కొట్టు అతనిది. ఇన్నేళ్లు ఆ హోరు పక్కనే బతికితే చెవులు మాత్రం ఏం చేస్తాయి పాపం! పోయింది తిరిగి రాదు, ఉన్నదీ నిలవదు అని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట భార్య భారతికి కూడా చెప్పలేదు. చెవిటివాడి చేత కారులో ఆంప్లిఫయర్ పెట్టించుకునే పిచ్చివాడు బెంగళూరులో ఎవడుంటాడు?

బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు. బ్యాటరీ నుంచి తీగ లాగి, మొదట్లోనే ఫ్యూజు పెట్టి, డిక్కీలో ఆంప్లిఫయర్ పెట్టె కదలకుండా బిగిస్తే సరి. అసలు పనితనం ఆ తర్వాతే. పాట పెద్దగా పెట్టి, ఆంప్లిఫయర్ మీద జోరు పెంచే గెయిన్ స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. పాట చీలి బరబరలాడే చోట ఆగి, కాస్త వెనక్కి తిప్పాలి. ఆ చోటు చెప్పేది చెవి ఒక్కటే. అందుకని అతను ఒక క్యాసెట్ దాచుకున్నాడు. శిరీష చిన్నప్పుడు చప్పట్లు కొడుతూ పాడిన పాట అది. మధ్యలో గాజులు గలగలమంటాయి. గాజులు గాజుల్లా వినబడితే పని కుదిరినట్టే. ఈ మధ్య ఎంత తిప్పినా ఆ గాజులు వినబడటం లేదు. చేతి అలవాటు మీద నెట్టుకొస్తున్నాడు.

ఉప్పిట్టు తింటూండగా గుమ్మం ముందు కారు ఆగింది. భారతి అన్న సొన్నప్ప విసవిసా లోపలికి వచ్చాడు.

"ఏమప్పా తిమ్మరాయా, ఏం పని చేసినావు? కొత్త కారులో స్పీకర్లు రెండూ చినిగిపొయినాయి. పాట పెడితే రేకు డబ్బా కొట్టినట్లుండాది!"

ఎదురుగా నిలబడి అరిచాడు కాబట్టి మాట అందింది. తిమ్మరాయప్ప ముఖం పాలిపోయింది. "మార్చిస్తాలే బావా" అన్నాడు.

"అది పోనీ. మా హేమంత్ పెండ్లి మాట్లాడదామని వచ్చినా. కార్తీకంలో పెట్టుకుందామా?"

"పెట్టుకుందాం బావా, శుభం. పిల్ల ఎవరు?"

 భారతి గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది.

"పిల్ల ఎవరని అడుగుతావేమయ్యా? మన శిరీషే కదా! కారు పూజ నాడు తాంబూలం పుచ్చుకుంటివంట!"

తిమ్మరాయప్పకు అంతా కళ్ల ముందు కదిలింది. ఆ రోజు కొట్టు ముందు డెక్కు హోరెత్తుతూనే ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, సొన్నప్ప ఆకూ వక్కా టెంకాయా అందిస్తూ ఏదో అన్నాడు. కారు పూజ తాంబూలమే అనుకున్నాడు తను. నవ్వి, తలూపి, రెండు చేతులా అందుకుని, అక్కడే ఆకు మడిచి నమిలాడు. వినబడనప్పుడల్లా నవ్వి తలూపడం అతనికి అలవాటైపోయింది. తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టేనని తెలియనివాడు కాదు.

శిరీష తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది. కళ్లనిండా నీళ్లు.

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా నాయనా? హేమంత్‌ను నేను ఏనాడూ ఆ కంటితో చూడలా. మొన్న కొట్టుకొచ్చి నీ యెనక నిలబడుకోని ఏడ్చి అడిగితి. తిరిగి కూడా చూడకపోతివి. స్క్రూ తిప్పుకుంటా కూర్చుంటివి!"

అతని గుండె చెరువైంది. పిల్ల వెనక నిలబడి ఏడ్చిందా? తను గాజుల కోసం చెవులు రిక్కించి కూర్చున్నప్పుడా?

నోరు మూసుకుంటే కొట్టు నిలుస్తుంది, పిల్ల బతుకు పోతుంది. నోరు తెరిస్తే సొన్నప్ప ఊరుకోడు, సాయంత్రానికి బజారంతా చాటుతాడు.

"నాకు చెవులు ఇనపడవు బావా," అన్నాడు. "ఆ పొద్దు నువ్వు ఏమంటివో నాకు తెలీదు. కారు తాంబూలమనుకుంటి. ఈ పెండ్లి మాట నాది కాదు."

"చెవిటోడివై ఉండి నా కారు మీద చెయ్యి పెట్టినావా? నలుగురికీ చెప్పుకుంటినే, ఏం మొగం పెట్టుకోని తిరగల్ల?" సొన్నప్ప కారు తాళాలు విసిరి కొట్టాడు. "స్పీకర్లు మార్చి పంపించు. నీ కొట్టుకు ఇదే ఆఖరు బేరం!" అని నడిచే వెళ్లిపోయాడు.

భారతి గోడకు ఆనుకుని కూలబడింది. "నాకన్నా చెప్పకపోతివే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం కొట్లో కొత్త స్పీకర్లు బిగించాక తిమ్మరాయప్ప స్క్రూ ఎక్కడ ఆపాలో తెలియక డిక్కీ ముందు కూర్చుండిపోయాడు. వెంట వచ్చిన శిరీష ముందు సీట్లో కూర్చుని తనే ఆ క్యాసెట్ పెట్టింది. అద్దంలో ఆమె చెయ్యిని చూస్తూ అతను స్క్రూ తిప్పాడు. పాట చీలగానే ఆమె చెయ్యి లేచింది. కాస్త వెనక్కి తిప్పాడు.

"గాజులు ఇనిపిస్తాండాయా?"

ఆమె దిగి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇనిపిస్తాండాయి నాయనా."

అతనికి మాత్రం ఆ గలగల అందలేదు. స్పీకరు మీద చెయ్యి పెడితే అదురు తగిలింది, అంతే. ఇక ఈ జన్మకు ఆ గాజులు వినబడవు. అతను కూతురి పెదవుల వైపు చూశాడు.

"ఆ పొద్దు నా యెనక నిలబడుకోని ఏమడిగితివమ్మా? ఇప్పుడు అడుగు."

 శిరీష ప్రతి మాటా అతనికి కనబడేలా మెల్లగా అడిగింది.

"నేనంటే నీకు లెక్కలేదా నాయనా?"

"నువ్వు గాక నాకెవరుండారు తల్లీ!" అన్నాడు తిమ్మరాయప్ప. అది ఎంత పెద్ద గొంతుతో అన్నాడో అతనికి తెలియలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి, కొట్టు వైపు తిరిగి చూశారు.