దొరసానికొండ గుహ

"నాన్నారూ! ఎడమ పక్క చూడండి! కొండలో తలుపు!"

హైమవతి కేకకు రుద్రరాజు విమానాన్ని చటుక్కున ఒరగబెట్టాడు. వెనక సీట్లలోని యాత్రికులిద్దరూ కెవ్వుమన్నారు. కింద గోదావరి ఎర్రగా సుడులు తిరుగుతోంది. వానలకు దొరసానికొండ చరియ విరిగిపడి, ఇన్నాళ్లూ అడవి కప్పిన రాతిగోడ బయటపడింది. ఆ గోడ నడుమ నల్లగా నోరు తెరుచుకుని ఉంది, ఉలితో చెక్కిన ద్వారం!

ఆ చిన్న విమానమే వాళ్ల ఇంటికి పొలమూ పుట్రా. రుద్రరాజు నడుపుతాడు. కూతురు హైమవతి ఇంజను మరమ్మతులు చేస్తుంది, పక్క సీట్లో కూర్చుని తనూ నడుపుతుంది. భార్య రాజ్యలక్ష్మి టిక్కెట్లిచ్చి, వచ్చినవాళ్లకు కడుపునిండా పెడుతుంది. వాన లేని రోజుల్లో యాత్రికులకు కొండలు చూపిస్తారు, వానల్లో దారులు తెగిన ఊళ్లకు మందులు చేరవేస్తారు. ఒకసారి గాలిలో ఇంజను ఆగిపోతే రుద్రరాజు విమానాన్ని ఇసుకదిబ్బ మీద దించాడు. ఆ కథ వినకుండా వెళ్లిన యాత్రికుడు లేడు. "భయమన్న మాట మా ఇంటావంటా లేదండి" అని మీసం దువ్వి ముగించేవాడు.

దొరసానికొండ మీద వెనకటికి ఒక కోట ఉండేదనీ, శత్రువులు చుట్టుముడితే కోట దొరసాని తన నగలన్నీ గుహలో దాచిందనీ ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు.

"ముందు మనం చూడాలి, ఆ తర్వాతే సర్కారుకి చెప్పాలి. పేపర్లో మన విమానం బొమ్మ పడాలమ్మడూ!" అన్నాడు రుద్రరాజు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

తెల్లవారగానే తండ్రీకూతుళ్లు కొండ నెత్తిన ఉన్న గడ్డిమైదానంలో దిగారు. ఆ గడ్డి కోసి, రాళ్లు ఏరి, విమానం దిగేందుకు నేల సిద్ధం చేసే కత్తుల బొజ్జిరెడ్డి వాళ్లకు తోడొచ్చాడు. ముగ్గురూ వెదురు పొదలు నరుక్కుంటూ, బురదలో జారుతూ, చెట్ల వేళ్లు పట్టుకుని చరియ దిగారు. ద్వారం దగ్గర బొజ్జిరెడ్డి ఆగిపోయాడు.

"రాజుగారూ, కొండింకా సర్దుకోలేదండి. లోపల రాళ్లు రాలతన్నాయి. రెండ్రోజులాగి వద్దారండి."

"భయమైతే నువ్విక్కడే తాడు పట్టుకుని ఉండరా బొజ్జీ!" రుద్రరాజు నవ్వి, గునపం భుజాన వేసుకుని లోపలికి నడిచాడు.

గబ్బిలాలు మొహాల మీదుగా ఎగిరిపోయాయి. వంగి, పాకి, మోకాళ్ల లోతు నీళ్లు దాటి వాళ్లొక రాతిగదిలో తేలారు. గది మధ్య రాతితొట్టి. గునపంతో మూత పక్కకు నెట్టగానే టార్చి వెలుగులో పచ్చగా మెరిసింది! వడ్డాణాలు, కాసులపేర్లు, కెంపులు పొదిగిన కడియాలు!

"దొరికిందమ్మడూ! దొరికింది!" అతని అరుపు గుహంతా మారుమోగింది.

ఆ మోత ఆగకముందే తలమీద ఫెళ్లుమంది. దుమ్ము జలజలా రాలింది. హైమవతి తండ్రి వైపు దూకింది. కదిలిన తొట్టి మూత జారి ఆమె పాదం మీద పడింది.

"నాన్నారూ!"

ఆమె చెయ్యి అతని చొక్కాను పట్టుకుంది. రుద్రరాజు ఆ చేతిని చూశాడు. చూసి, విదిలించుకున్నాడు. గునపం అక్కడే పారేసి పరుగెత్తాడు.

నీళ్లలో పడ్డాడు, లేచాడు, గోడలకు కొట్టుకున్నాడు. వెనక ఏదో పిడుగులా కూలింది. వెలుగులోకి వచ్చి పడేదాకా అతనికి ఒళ్లు తెలియలేదు.

బొజ్జిరెడ్డి పరుగున వచ్చి లేవనెత్తాడు. "అమ్మాయిగారేరండీ?"

రుద్రరాజు రొప్పుతూ వెనక్కి చూశాడు.

"అమ్మాయిగారేరీ?"

"వెనకే... వెనకే వస్తోంది."

బొజ్జిరెడ్డి చీకట్లోకి తొంగి చూశాడు. ఎవరూ రాలేదు. అతను రుద్రరాజు వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, అర్థమైపోవడం ఉంది. అది తట్టుకోలేక రుద్రరాజు తల దించుకున్నాడు. చొక్కాకు కూతురి వేళ్ల బురద గుర్తులు నాలుగు అంటుకుని ఉన్నాయి.

బొజ్జిరెడ్డి తాడు తన నడుముకు చుట్టుకోసాగాడు.

"ఇలా తే!" అని రుద్రరాజు ఆ తాడు లాక్కున్నాడు. "నేను లాగితే నువ్వు లాగు."

తాడు నడుముకు బిగించుకుని మళ్లీ గుహలోకి దూరాడు. సొరంగానికి అడ్డంగా బండ కూలింది, దాని కింద మనిషి దూరేంత సందు మాత్రం మిగిలింది. నీళ్లలో ముక్కు ముంచి, వీపు గీరుకుంటూ పాకాడు. "అమ్మడూ! అమ్మడూ!" ప్రతి కేకకూ పైనుంచి మట్టి రాలింది.

"ఇక్కడున్నా" అంది చీకట్లోంచి సన్నటి గొంతు.

తడుముకుంటే గునపం చేతికి తగిలింది. దాన్ని మూత కింద పెట్టి బలమంతా వేశాడు. రాయి కదిలింది, మళ్లీ కూర్చుంది. "ఇంకొక్కసారి, నాన్నారూ!" పళ్లు బిగించి ఎత్తాడు. హైమవతి కాలు లాక్కుంది. వడ్డాణమొకటి ఆమె ఒళ్లో పడి ఉంది. దాన్ని తీసి పక్కన పెడితే చీకట్లో ఘల్లుమంది. అతను దాని కోసం చెయ్యి చాచనైనా లేదు. తన తాడు విప్పి ఆమె నడుముకు కట్టి, ఆమెను ముందు పంపి, గట్టిగా గుంజాడు.

"లాగు బొజ్జీ, లాగూ!"

ఇద్దరూ బయటపడ్డాక కొండ కడుపులో గుబగుబమని మోత పుట్టింది. ద్వారం, గోడ, దొరసాని నగలు అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ముగ్గురూ పక్కకు దొర్లి బతికారు.

బొజ్జిరెడ్డి హైమవతిని భుజాన వేసుకుని పైకి మోశాడు. రుద్రరాజు వెనకే నడిచాడు.

విమానమెక్కాక అతని చేతులు విమానాన్ని తిప్పే స్టిక్ మీద నిలవలేదు. ఇంజను ఆపేశాడు. "నావల్ల కాదమ్మా."

హైమవతి వాచిన తన కాలును చూసుకుంది. దాంతో కింది పెడల్స్ తొక్కడం కుదరదు. తన ముందున్న స్టిక్ పట్టుకుంది.

"పెడల్స్ మీరు తొక్కండి. చెయ్యి నేను చూసుకుంటాను."

ఇంజను మళ్లీ వేసి అలాగే ఎగిరారు. ఆమె "కుడి" అంటే అతను కుడి తొక్కాడు, "ఎడమ" అంటే ఎడమ.

ఇంటి దగ్గర యాత్రికులు ఎదురు చూస్తున్నారు. రాజ్యలక్ష్మి కూతురి కాలు చూసి గుండె బాదుకుంది. "ఏమైందే?"

"గుహ కూలిందమ్మా. నాన్నారు లోపలికొచ్చి నన్ను బయటికి తెచ్చారు."

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీయబోయారు. రుద్రరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండీ. మొదట నేను పారిపోయాను. ఇది నా చొక్కా పట్టుకుంటే విదిలించుకుని పారిపోయాను."

చప్పట్లు ఆగిపోయాయి. రాజ్యలక్ష్మి భర్తను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. లోపలికెళ్లి, పసుపు కలిపిన వేడినీళ్లు గిన్నెలో తెచ్చి, కూతురి ముందు పెట్టింది.

రుద్రరాజు ఆ గిన్నె దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. గుడ్డ ముంచి పిండి, కూతురి పాదం వైపు చెయ్యి చాచి, ఆగాడు.

హైమవతి ఆ చేతిని చూసింది.

"నాకు కోపం పోలేదు నాన్నారూ" అంది.

అని, కాలు ముందుకు జరిపింది.