మరకల మందు

రండర్రా, ఇంకాస్త ముందుకి జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా రండి. ఈ కథలో వెనక కూర్చున్నవాళ్ళకే భయం ఎక్కువ వేస్తుంది, తర్వాత నన్నని లాభం లేదు. ఆ కిటికీ తలుపు తీసే ఉంచండి, గాలి రానివ్వండి. ఊఁ, వినండి.

ఒక మొగుడూ పెళ్ళాం లాండ్రీ కొట్టు నడుపుకునేవాళ్ళు. ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం. ఆమెని అందరూ ఇస్త్రీ అక్క అనేవాళ్ళు. ఆయన మరకలు తీయడంలో చెయ్యి తిరిగినవాడు. సిరా కానీ, తారు కానీ, గుడ్డముక్క తడిపి నాలుగుసార్లు అద్దాడంటే మాయం. అందుకే మరకల డాక్టరని పేరు పడింది.

"డాక్టరు గారూ, మా చొక్కాకి జబ్బు చేసింది, కాస్త మందెయ్యండి" అని నవ్వుతూ వచ్చేవాళ్ళు జనం.

"రోగిని వదిలి వెళ్ళండి. రేపొచ్చి డిశ్చార్జి చేయించుకోండి" అనేవాడాయన.

మందు! చూశారా, ఎంత తిరకాసు మాటో. దగ్గు తగ్గించేదీ మందే, ఎలుకని చంపేదీ మందే, చొక్కా మీద మరక తీసేదీ మందే. అక్కకి ఆ మాటంటే గుబులు. ఎందుకంటే వాళ్ళకి చిట్టి అని ఓ చిన్న కూతురుంది.

"ఏమండీ, ఆ మందు డబ్బాలోంచి తీసి ఇంకో సీసాలో మాత్రం పోయకండి. మీకు దణ్ణం పెడతాను" అనేది.

"నాకామాత్రం తెలీదుటే? పొయ్యను. మాటిస్తున్నా, సరేనా?" అనేవాడు.

అక్క అత్తగారు కిందటి వానల్లో పోయింది. నిద్రలోనే, ఎవర్నీ లేపకుండా. తల్లి లేని పిల్లని కోడలిగా తెచ్చుకుని, కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి. అక్కకి ఏ కష్టమొచ్చినా ఇప్పటికీ నోట్లోంచి ముందొచ్చే మాట 'అత్తయ్యా' అనే.

ఒక సాయంత్రం... వాన. కరెంటు పోయింది. ఆయన ఉతికిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. చిట్టి మంచం మీద పడుకుని ఒకటే దగ్గు. ఇంటినిండా గంజి వాసన, తడి గుడ్డల ఆవిరి వాసన, వాటి కింద సన్నగా మరకల మందు వాసన. నడవలో తాడుకి ప్లాస్టిక్ తొడుగులు వేసిన బట్టలు బారుగా వేలాడుతున్నాయి. గాలి లేదు. అయినా తొడుగులు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఎవరో వాటి మధ్యనుంచి ఒరుసుకుంటూ నడిచినట్టు.

"అమ్మాయ్..."

అక్క తల తిప్పింది.

"పాపకి మందు వేశావా?"

అత్తగారి గొంతు. ఆ సాగదీత, ఆ చివర్లో చిన్న ఆయాసం, అచ్చం ఆవిడే. భయం వెయ్యాలి కదా? వెయ్యలేదు. అక్కకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఎంతకాలమైంది ఆ మాట విని!

"ఇప్పుడే వేస్తాను అత్తయ్యా" అంది, గట్టిగా అంటే ఆ గొంతు పోతుందేమోనని మెల్లగా.

"పై అరలో ఉంది. ఎడమపక్క."

చెయ్యి పెడితే సీసా తగిలింది. దగ్గుమందు సీసాయే, గోధుమరంగుది. చీకట్లోనే చెంచాలో వంచింది. మందు చిక్కగా జారలేదు... నీళ్ళలా గబుక్కున పడింది. ఆ తేడా చేతికి తెలిసింది కానీ, బుర్రకి చేరేలోపే చెంచా పాప నోట్లో ఉంది. వాసనంటారా? రోజంతా ఆ కొట్టులోనే ఉండే ముక్కుకి ఆ వాసన లెక్కలోకే రాదు.

చిట్టి మొహం వికారంగా పెట్టింది. "అమ్మా, మండుతోంది!"

ఫోను లైటు వేసి చూసింది. చెంచాలో మిగిలింది నీళ్ళలా తెల్లగా ఉంది. మరకల మందు. మాటిచ్చాడే... తన మొగుడే, మాటిచ్చి మరీ పోశాడే!

"ఉమ్మెయ్యి తల్లీ, ఉమ్మెయ్యి!" అంటూ పాపని ముందుకి వంచింది. తడిగుడ్డతో నోరు తుడిచింది. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయించింది. అయినా ఓ గుక్క లోపలికి పోనే పోయింది.

"కక్కించు" అంది అత్తగారు. ఈసారి ఇంకా దగ్గర్నుంచి. "గొంతులో వేలు పెట్టు."

అక్క వేలు పాప పెదాల దాకా వెళ్ళింది కూడా. అత్తయ్య చెబితే ఎప్పుడైనా తప్పిందా? కానీ పుక్కిలింపిస్తూనే ఫోనులో నొక్కిన అత్యవసర నంబరు అప్పటికే కలిసింది. అవతల ఒకావిడ, గొంతులో తొణుకూ బెణుకూ లేదు.

"పాప మెలకువగా ఉందా అమ్మా? ఊపిరి సరిగ్గా తీస్తోందా?"

"తీస్తోంది. దగ్గుతోంది. కక్కించనా?"

"వద్దు! పొరపాటున కూడా వద్దు. వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తాగడానికి ఏమీ ఇవ్వకండి. కూర్చోబెట్టే ఉంచండి. సీసా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి."

"పాలు పట్టించు... కక్కించవే..."

ఫోనులో ఆవిడ విసుక్కుంది. "అమ్మా, మీ వెనక ఆ పెద్దావిడ ఎవరు? అలా తప్పుడు సలహాలు ఇవ్వొద్దని చెప్పండి."

అక్క పాపని దగ్గరికి లాక్కుంది.

అంటే... తనకొక్కదానికే కాదు వినపడేది.

"నన్ను నమ్మవా అమ్మాయ్?" గొంతు ఏడుస్తోంది. "నీకు తల్లిని కానా?"

ఆ ఏడుపు కూడా అచ్చం ఆవిడదే. లోకంలో ఎవరు మోసం చేసినా తట్టుకునేదేమో. ఈ గొంతా?

"మా అత్తయ్య నా బిడ్డని చంపమనదు" అంది.

ఏడుపు ఠక్కున ఆగింది.

అక్క పాపని భుజానికెత్తుకుంది. సీసా కొంగులో చుట్టింది. వీధి గుమ్మం చేరాలంటే ఆ బట్టల మధ్యనుంచే పోవాలి. కళ్ళు మూసుకుని నడిచింది. చల్లటి ప్లాస్టిక్ మొహానికి రాసుకుంది. ఒకటి... ఇంకొకటి... తర్వాతది వెచ్చగా ఉంది.

పరుగు!

ఆసుపత్రిలో చిట్టికి ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. సీసా చూడగానే ఏం మింగిందో తేలిపోయింది. తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉండాలన్నారు. "కక్కించకపోవడమే పిల్లని కాపాడిందమ్మా" అంది నర్సు. పాప నిద్రపోయింది. ఊపిరి నిదానంగా ఆడుతోంది.

అప్పుడొచ్చాడు మరకల డాక్టరు, తలమీంచి నీళ్ళు కారుతూ.

"మాటిచ్చారే!" అంది అక్క. ఇంకేమీ అనలేకపోయింది.

ఆయన బిత్తరపోయాడు. "పోసిన మాట నిజమే. కానీ సీసా ఇస్త్రీ బల్ల కింద పెట్టాను. అరలోకి ఎలా వచ్చింది? అయినా... పొయ్యమన్నది నువ్వేగా?"

"నేనా!"

"మొన్న పొద్దున. డబ్బా ఎత్తలేక అవస్థ పడుతున్నారు, ఆ ఖాళీ సీసాలో కాస్త పోసుకోండి అన్నావు. గుమ్మంలోనే నిలబడి."

"మొన్న పొద్దున మీరు లేవకముందే బయల్దేరి, నేనూ చిట్టీ దగ్గని చెప్పి ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే ఉన్నాం."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పాప మంచం పట్టె మీద కూలబడి అడిగాడు.

"మరి... ఆ పూట నాకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఎవరే?"

అక్క అతని వంక చూసింది.

"తాగారా?"

ఆయన చెయ్యి మెల్లగా గొంతు మీదికి పోయింది.

అంతే. తర్వాతేమైందని అడక్కండి, నాకు చెప్పినవాళ్ళు కూడా అక్కడే ఆగిపోయారు. లేవండి, పొద్దుపోతోంది. ఇళ్ళకెళ్ళి శుభ్రంగా అన్నాలు తినండి. చెయ్యి వదలకుండా జంటలుగా వెళ్ళండి. దారిలో ఎవరైనా పిలిస్తే, ఎంత తెలిసిన గొంతయినా సరే, మొహం చూశాకే పలకండి.