చల్లారిన సౌనా

శనివారం పొద్దున్నే కెర్తు సౌనా పొయ్యికి కట్టెలు మోస్తోంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఒక్క శనివారమూ ఆ ఆవిరిగది చల్లగా ఉండలేదు. రెండు రోజులుగా భర్త తౌనోకి జ్వరం, దగ్గు. అందుకే ఇవాళ ఇంకా పెందలాడే మొదలెట్టింది.

నర్సుగా చేస్తున్న కూతురు రీక్క వస్తూనే తండ్రి వేలు గుచ్చి చూసింది.

"షుగరు మూడింతలుంది! అమ్మా, ఆ మంట ఆర్పు. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"జలుబుకే ఆసుపత్రా? పొయ్యి మీద కాలిన రాళ్ళమీద నాలుగు చెంబుల నీళ్ళు పోసి ఆవిరి పడితే అదే దిగుతుంది. మా నాన్న అలాగే తొంభై ఏళ్ళు బతికాడు!"

"తాతయ్యకి షుగర్ లేదమ్మా! నాన్నకి ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది. డెబ్భై నాలుగు నిండాయి, కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి, ఆ బరువు చూడు. మనకి వారంలో పోయే ఫ్లూ ఇలాంటివాళ్ళకి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నాన్నా, అక్టోబర్లో టీకా వేయించుకున్నావు కదా?"

తౌనో చూపు కిటికీలోంచి సరస్సు వైపు తిప్పుకున్నాడు.

"నాన్నా!"

"వెళ్ళానే. వరస పొడుగ్గా ఉంది. నాకంటే ముసలివాళ్ళు నిలబడ్డారు. నేనెందుకు అడ్డమని వచ్చేశాను."

"వేయించుకున్నానని చెప్పావు నాకు!" అంది కెర్తు.

రీక్కకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఎవరికీ అడ్డం కాకూడదు, అంతేగా! రెండ్రోజులుగా నాకు ఫోనన్నా చెయ్యలేదు. ప్రాణం పోతున్నా పిలవవా?"

"నువ్వు డ్యూటీలో ఉంటావనీ..." అంటూనే దగ్గు తెరలు ముంచుకొచ్చాయి. ఊపిరందక బల్ల పట్టుకున్నాడు. పెదాలు నీలమయ్యాయి.

రీక్క అంబులెన్సుకి ఫోన్ చేసింది. కెర్తు బకెట్టు ఎత్తుకుని సౌనాలోకి వెళ్ళి, మండుతున్న కట్టెల మీద నీళ్ళన్నీ కుమ్మరించింది.

రెండు వారాలకి తౌనో సగం మనిషై ఇల్లు చేరాడు. వాకిట్లోనే ఆగి పొగగొట్టం కేసి చూశాడు.

"శనివారం కదూ, పొగ లేదేం?"

"ఎవరికోసం రాజెయ్యనూ?" అంది కెర్తు. "ఇన్నేళ్ళలో నోరు తెరిచి చెప్పలేదు గానీ, విను. ఊరందరికీ అడ్డం కాకపోతే కాకపో. నాకు మాత్రం రోజూ అడ్డం రావాలయ్యా నువ్వు!"

తౌనో టోపీ తీసి చేతిలో నలిపాడు. కళ్ళు తుడుచుకోలేదు.

"వచ్చే అక్టోబర్లో వరసలో నిలబడతాలే," అన్నాడు. "నువ్వూ రా. మధ్యలో వచ్చేస్తానేమో."